వైద్య వృత్తుల కౌన్సిల్‌ను నడిపించే పాలకమండలి పని ఏమిటి? విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

డాక్టరు మీద ఫిర్యాదు చేయాలనుకునే కుటుంబాలు, కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు వేయబోయే డాక్టర్లు, ఫార్మసిస్టులు, సభ్యులుగా కొత్తగా నియమితులైనవారు విశాఖపట్నంలో అడిగే ప్రశ్నలివి. పైకి వేరువేరుగా కనిపించినా, చాలావరకు ఒకే అనుమానం దగ్గరికి వస్తాయి: పాలకమండలి ఎవరి తరఫున కూర్చుంటుంది?

కౌన్సిల్, పాలకమండలి ఒకటేనా?

చట్టం దృష్టిలో చాలాసార్లు ఒకటే. మనం మాత్రం విజయవాడలోని కార్యాలయాన్ని, రిజిస్ట్రార్‌ను, రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేసే సిబ్బందిని కూడా కలిపి కౌన్సిల్ అంటాం. ఈ పేజీలో సంస్థను కౌన్సిల్ అని, దానికి బాధ్యత వహించే సభ్యుల బృందాన్ని పాలకమండలి అని అంటున్నాం. దరఖాస్తులు చూడటం, సర్టిఫికెట్లు సరిచూడటం, నోటీసులు పంపడం కార్యాలయం పని. ఆ పని చట్టప్రకారం, సకాలంలో, మొహమాటం లేకుండా జరుగుతోందో లేదో చూడటం, జరగకపోతే జవాబు చెప్పడం పాలకమండలి పని.

విశాఖలో ఎవరు ఏ కౌన్సిల్ కిందికి వస్తారు?

అల్లోపతి డాక్టర్లు ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ కిందికి, ఫార్మసిస్టులు 1948 ఫార్మసీ చట్టం కింద ఏర్పడిన రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ కిందికి వస్తారు. నర్సులకు, దంతవైద్యులకు వేరువేరు కౌన్సిళ్లు ఉన్నాయి. ఈ రెండు వృత్తులకూ జాతీయ స్థాయిలో కొత్త కమిషన్ల కోసం 2023లో చట్టాలు వచ్చాయి. ఫిజియోథెరపిస్టులు, ల్యాబ్ టెక్నాలజిస్టుల వంటి వారికి 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం ప్రతి రాష్ట్రంలోనూ ఒక కౌన్సిల్ ఉండాలి.

ఈ ఏర్పాటు నిన్న మొన్నటిది కాదు. విశాఖ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు 1914 నాటి మద్రాసు వైద్య రిజిస్ట్రేషన్ చట్టం ఇక్కడా వర్తించేది. 1923లో మన వైద్య కళాశాల మొదలయ్యేనాటికే డాక్టర్ల పేర్లు నమోదు చేసే పద్ధతి ఉంది. అప్పుడు కార్యాలయం మద్రాసులో ఉండేది. ఇప్పుడు విజయవాడలో ఉంది కాబట్టి రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చాలు. అది కూడా వయసు మళ్లిన ఫిర్యాదుదారుకు చిన్న ప్రయాణమేమీ కాదు. మారుమూల జిల్లాల వాళ్లు విచారణకు ఎలా వస్తారు, వీడియో ద్వారా వాంగ్మూలం తీసుకునే వీలుందా అని అడగవలసింది కూడా పాలకమండలే.

పాలకమండలి మొదటి విధి ఎవరి పట్ల?

ప్రజల పట్ల. మిగతా విధులన్నీ దీని తరువాతే. "వృత్తి గౌరవాన్ని కాపాడటం" కూడా పాలకమండలి పనే అని కొందరు వాదిస్తారు. కాదనలేం. అయితే తప్పు చేసిన వారిని కప్పిపుచ్చడం వల్ల ఆ గౌరవం నిలబడదు. రిజిస్టరులో పేరున్న ప్రతి ఒక్కరూ నమ్మదగినవారే అన్న భరోసా రోగికి కలిగినప్పుడు నిలబడుతుంది.

ఇది మాటల్లో అందరూ ఒప్పుకుంటారు. తేడా ఎజెండా చూస్తే తెలుస్తుంది. ఒక సమావేశంలో గంటన్నర కొత్త భవనం గురించి, పది నిమిషాలు పెండింగ్ ఫిర్యాదుల గురించి చర్చ జరిగితే ఆ పాలకమండలి తన మొదటి విధిని మరిచిపోయిందనే అర్థం. భవనం అక్కర్లేదని కాదు. సభ్యుల సమయం ఎక్కడ ఖర్చవుతోందో మినిట్స్ (సమావేశంలో జరిగినదాని నమోదు) చదివితే బయటివారికి కూడా తెలిసిపోతుంది.

మరి ఐఎంఏ (భారత వైద్య సంఘం) లాంటి డాక్టర్ల సంఘాలు చేసే పని ఏమిటి?

సంఘం సభ్యుల కోసం ఉంటుంది, కౌన్సిల్ రోగుల కోసం ఉంటుంది. రెండూ అవసరమే. రెండింటిలోనూ అవే ముఖాలు కనిపించినప్పుడే చిక్కు.

విశాఖ డాక్టర్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆసుపత్రిలో మా మీద దాడి జరిగితే కౌన్సిల్ ఎందుకు మాట్లాడదు?" ఆ బాధ న్యాయమైనదే. కానీ దాడులను అరికట్టడానికి రాష్ట్రంలో 2008లో ప్రత్యేక చట్టమే వచ్చింది. కేసు పెట్టవలసింది పోలీసులు, వెంట నిలబడవలసింది సంఘం. కౌన్సిల్ కూడా అదే గొంతుతో మాట్లాడితే, రేపు ఆ దాడికి దారితీసిన వైద్యం మీద ఫిర్యాదు వచ్చినప్పుడు రోగి బంధువులు దాని తీర్పును ఎలా నమ్ముతారు?

ఎన్నికల్లో గెలిచిన సభ్యుడు ఓటు వేసినవారికి జవాబుదారీ కాదా?

కాదు. చాలామందికి రుచించని జవాబు ఇది. వృత్తిలో ఉన్నవారు ఓటు వేస్తే సభ్యత్వం వస్తుంది, నిజమే. ఉదాహరణకు రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో ఆరుగురిని రిజిస్టర్డ్ ఫార్మసిస్టులే ఎన్నుకుంటారు. ఐదుగురిని ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. ఔషధ నియంత్రణ అధికారి వంటివారు హోదారీత్యా సభ్యులవుతారు. కానీ ఆ ఆరుగురు శాసనసభ్యుల్లా ఒక నియోజకవర్గం తరఫున మాట్లాడటానికి రాలేదు. ఓటు వారిని కుర్చీ దాకా తెచ్చింది. కూర్చున్నాక వారు పాటించవలసింది చట్టం ఉద్దేశాన్ని.

"నన్ను గెలిపిస్తే రెన్యువల్ ఫీజు తగ్గిస్తాను, నోటీసులు రాకుండా చూస్తాను" అనే ప్రచారం వినిపిస్తే ఓటరు జాగ్రత్త పడాలి. మొదటి హామీ కౌన్సిల్ ఆదాయానికి చెందినది, లెక్కలు చూసి చర్చించవచ్చు. రెండో హామీ విధి నిర్వహణకే విరుద్ధం.

ఎన్నికలు తీసేసి నియామకాలు పెడితే బాగుపడుతుందా?

కొన్ని దేశాలు ఆ దారి పట్టాయి. బ్రిటన్‌లో జనరల్ మెడికల్ కౌన్సిల్‌కు 2009 నుంచి ఎన్నికలు లేవు. ఇప్పుడున్న పన్నెండు మందిలో సగం డాక్టర్లు, సగం వృత్తితో సంబంధం లేని పౌరులు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో దంతవైద్యుల నియంత్రణ సంస్థ పనితీరు మీద హ్యారీ కేటన్ చేసిన విచారణ నివేదిక 2019లో బయటికి వచ్చింది. తరువాత 2022లో అక్కడ తెచ్చిన కొత్త చట్టం నియంత్రణ సంస్థల బోర్డులకు ఎన్నికల పద్ధతిని వదిలేసి, సగం స్థానాలు పౌరులకు ఇచ్చింది.

మన దగ్గర దీన్ని యథాతథంగా దించుకోవడం మీద నాకు అనుమానమే. నియామకం చేసేది ప్రభుత్వం. ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు మీదో, ప్రభుత్వానికి దగ్గరైన కళాశాల మీదో ఫిర్యాదు వస్తే నామినేటెడ్ సభ్యుడు ఎంతవరకు నిలబడగలడు? ఓటరు మొహమాటానికి బదులు మంత్రి మొహమాటం వస్తే రోగికి ఒరిగేది లేదు. నియామకానికి స్పష్టమైన అర్హతలు, బహిరంగ ప్రకటన, గడువు తీరకముందే తొలగించడానికి వీల్లేని రక్షణ ఉంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

సామాన్య పౌరులకు మన చట్టంలో చోటుందా?

ఉంది కానీ సన్నగా ఉంది. డాక్టర్ల వృత్తిని దేశస్థాయిలో నియంత్రించే జాతీయ వైద్య కమిషన్‌లో మొత్తం 33 మంది. చైర్‌పర్సన్, హోదారీత్యా వచ్చే పదిమంది, పార్ట్‌టైమ్ సభ్యులు 22 మంది. ఆ 22లో నిర్వహణ, న్యాయం, వైద్య నైతికత, రోగుల హక్కులు, ఆర్థికశాస్త్రం వంటి రంగాలన్నిటికీ కలిపి కేటాయించినవి మూడు స్థానాలు. అన్ని రంగాలు మూడు కుర్చీల కోసం పోటీ పడితే రోగుల తరఫు మనిషికి ఒకటి దక్కడం కూడా ఖాయం కాదు.

అలా వచ్చిన సభ్యుడు "నాకు వైద్యం తెలియదు" అని వెనక కూర్చోకూడదు. వైద్యం తెలిసినవారు బల్ల చుట్టూ చాలామందే ఉన్నారు. "ఈ సంగతి రోగికి ఎప్పుడు చెప్పారు?", "ఈ నిర్ణయానికి కారణం ఎక్కడ రాశారు?" అని అడగడానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు.

ఫీజు కడుతున్నది వృత్తిలోని వాళ్లే కదా, వాళ్ల మాట నెగ్గవద్దా?

డబ్బు వాళ్లది, అది ఎలా ఖర్చవుతోందో అడిగే హక్కు వాళ్లకుంది. ఆడిట్ నివేదిక చూపించమనాలి, బడ్జెట్ ఆలస్యమైతే నిలదీయాలి. ఆ ఫీజు ప్రాక్టీసు చేసుకునే అనుమతికి కడుతున్నది. దాంతో తీర్పుల మీద అధికారం రాదు.

ఫిర్యాదులను పాలకమండలే విచారించాలా?

ఇక్కడే మన వ్యవస్థలో ఎక్కువ గందరగోళం ఉంది. ఆదర్శంగా అయితే పాలకమండలి విచారణ పద్ధతిని రూపొందించి, దాని పనితీరును గమనించాలి. ఒక్కో కేసులో తీర్పు వేరే బృందం చెప్పాలి. మన కౌన్సిళ్లలో సభ్యులే విచారణకు కూర్చోవడం మామూలు. నియమం చేసేది, అమలును చూసేది, తీర్పు ఇచ్చేది వాళ్లే అయితే, ఆ విచారణ సరిగా జరగలేదని చెప్పవలసినవాళ్లు ఎవరు?

ఉన్న చట్టం మారేదాకా కనీసం కొన్ని పనులు చేయవచ్చు. 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తనా నియమావళి ప్రకారం ఫిర్యాదుపై ఆరు నెలల్లో నిర్ణయం రావాలి. ఆరోపణ ఎదుర్కొంటున్న డాక్టరుకు స్వయంగా గానీ న్యాయవాది ద్వారా గానీ తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. విచారణ సాగుతుండగా, ప్రశ్నార్థకమైన ఆ వైద్య ప్రక్రియను చేయకుండా డాక్టరును ఆపే అధికారం కూడా కౌన్సిల్‌కు ఉంది. ఈ చివరి అధికారాన్ని ఎన్నిసార్లు వాడారు, ఎందుకు వాడలేదు అని పాలకమండలి ప్రతి సమావేశంలోనూ అడగాలి. ఆరు నెలలు దాటిన ఫైళ్ల జాబితా పేర్లు లేకుండా, ఏది ఎన్నాళ్లుగా ఆగిందన్న క్రమంలో సభ్యుల ముందుకు రావాలి. ఒక ఫైలు రెండేళ్లుగా "నిపుణుడి అభిప్రాయం కోసం" ఆగి ఉంటే ఇబ్బంది నిపుణుడిది కాదు. ఇంకో నిపుణుణ్ణి వెతకనివాళ్లది.

అదే నియమావళిని మార్చుతూ 2023 ఆగస్టు 2న కొత్త నియమాలు వచ్చాయి. మందుల జెనెరిక్ పేర్లే రాయాలన్న నిబంధన మీద గొడవ రేగి, అదే నెల 23న వాటిని నిలిపివేశారు. దాంతో 2002 నియమావళే తిరిగి అమలులోకి వచ్చింది.

సభ్యుడికి తెలిసిన డాక్టరు మీదే ఫిర్యాదు వస్తే?

విశాఖలో ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో హౌస్‌సర్జన్‌గా చేసి, మహారాణిపేటలోనో రామ్‌నగర్‌లోనో ప్రాక్టీసు పెట్టిన డాక్టర్లలో ఒకరికొకరు తెలియనివారు తక్కువ. గురువు, శిష్యుడు, బ్యాచ్‌మేటు, కేసులు పంపే మిత్రుడు, వియ్యంకుడు. ఎవరితోనూ పరిచయం లేని సభ్యుణ్ణి వెతికితే దొరకడు.

కాబట్టి పరిచయం ఉండటం నేరం కాదు, చెప్పకపోవడమే తప్పు. వియ్యంకుడి కేసులో సభ్యుడు ముందే ప్రకటించాలి, ఆ ఫైలు కాగితాలు అతనికి పంపకూడదు, చర్చ సాగేంతసేపు గదిలో ఉండకూడదు, ఇదంతా మినిట్స్‌లో రాయాలి. "నేను ఉన్నాను గానీ నోరు విప్పలేదు" అన్నది సరిపోదు. పెద్ద ప్రొఫెసరు మౌనంగా కూర్చున్నా ఆయన శిష్యులు ఆయన ముఖం చూసే మాట్లాడతారు. ఒకే బ్యాచ్ అన్నంత మాత్రాన ప్రతిసారీ తప్పుకోవాలా అంటే అక్కర్లేదు. బయటి మనిషి చూస్తే అనుమానించేంత దగ్గరితనమా అన్నది కొలత. ఆ నిర్ణయం సభ్యుడు ఒక్కడే తీసుకోకుండా అధ్యక్షుడు తీసుకోవాలి. అధ్యక్షుడికే ఆ పరిస్థితి వస్తే మిగతా సభ్యులు తీసుకోవాలి.

జాతీయ స్థాయిలో చట్టం ఇంకొంచెం గట్టిగా ఉంది. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం కమిషన్ చైర్‌పర్సన్, సభ్యులు పదవిలో చేరేటప్పుడు, దిగేటప్పుడు ఆస్తులు, అప్పులు ప్రకటించాలి. వృత్తి, వ్యాపార సంబంధాలు కూడా చెప్పాలి. అవి వెబ్‌సైటులో పెట్టాలి. తాము వ్యవహారం చూసిన ప్రైవేటు వైద్యసంస్థలో పదవి వదిలిన రెండేళ్ల దాకా ఉద్యోగంలో చేరకూడదు. రాష్ట్ర కౌన్సిల్ ఇలాంటి నియమాన్ని స్వచ్ఛందంగా పెట్టుకుంటే కాదనేవారు ఎవరూ లేరు.

రిజిస్ట్రార్ పనిలో సభ్యులు ఎంతవరకు జోక్యం చేసుకోవచ్చు?

ఫలానా దరఖాస్తు ఎందుకు ఆగింది అని రిజిస్ట్రార్‌కు ఫోన్ చేయడం జోక్యం. దరఖాస్తులు సగటున ఎన్ని రోజులు ఆగుతున్నాయి అని సమావేశంలో అడగడం పర్యవేక్షణ. మొదటిది చేసే సభ్యులకు రెండోది అడిగే తీరిక ఉండదు.

ఇంకో వైపు, రిజిస్ట్రార్ పెట్టిన ప్రతి కాగితం మీదా చదవకుండా సంతకం చేసే పాలకమండళ్లూ ఉంటాయి. ఎజెండా ముందురోజు రాత్రి వాట్సాప్‌లో వస్తే సభ్యులు వద్దనాలి. రిజిస్ట్రార్‌ను ఎంపిక చేయడంలో, ఏటా పనితీరు సమీక్షించడంలో చట్టం ఇచ్చిన పాత్రను సభ్యులు పూర్తిగా వాడుకోవాలి.

రిజిస్టరు సరిగా ఉందో లేదో చూడటం కూడా పాలకమండలి పనేనా?

అసలు పని అదే, మిగతావి దాని చుట్టూ ఉన్నవి. చనిపోయినవారి పేర్లు, దేశం వదిలినవారి పేర్లు, సస్పెన్షన్‌లో ఉన్నా మామూలుగా కనిపించే పేర్లు ఉన్న రిజిస్టరు వల్ల ఉపయోగం లేదు. జాతీయ రిజిస్టరును ప్రజలకు కనిపించేలా వెబ్‌సైటులో ఉంచాలని 2019 చట్టం చెబుతోంది. రిజిస్టరు నుంచి పేరు తొలగిస్తే ఆ సంగతి స్థానిక పత్రికల్లో బాగా ప్రచారం చేయాలని 2002 నియమావళి చెబుతోంది. అలాంటి ప్రకటన మీరు ఎప్పుడైనా చదివారా?

నిరంతర వైద్యవిద్య గంటలు కూడా దీనికి సంబంధించినవే. ప్రతి ఐదేళ్లలో కనీసం ముప్పై గంటలు ఉండాలన్నది నియమం. బీచ్ రోడ్డు హోటల్లో భోజనంతో కూడిన సదస్సుకు ఎన్ని గంటలు లెక్క వేయాలి, హాజరు ఎవరు చూస్తారు అన్నవి పాలకమండలి తేల్చాలి.

పాలకమండలే దారి తప్పితే?

తప్పిన చరిత్ర మనకుంది. 2010 ఏప్రిల్‌లో, జాతీయ వైద్య కమిషన్‌కు ముందున్న భారత వైద్య మండలి అప్పటి అధ్యక్షుణ్ణి లంచం ఆరోపణల మీద సీబీఐ అరెస్టు చేసింది. మే నెలలో ఆర్డినెన్సుతో మండలిని రద్దు చేసి గవర్నర్ల బోర్డును (ప్రభుత్వం నియమించిన పాలక బృందాన్ని) కూర్చోబెట్టారు. కొన్నాళ్లకు మళ్లీ ఎన్నికైన మండలి వచ్చింది. 2016లో పార్లమెంటరీ స్థాయీసంఘం దాని పనితీరును తీవ్రంగా తప్పుపట్టింది. అదే ఏడాది సుప్రీంకోర్టు జస్టిస్ లోధా అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీని నియమించింది. 2018 సెప్టెంబరు 26న మరో ఆర్డినెన్సు, మరో గవర్నర్ల బోర్డు. చివరికి 2020 సెప్టెంబరు 25న జాతీయ వైద్య కమిషన్ పని మొదలుపెట్టి, పాత మండలి చరిత్రలో కలిసిపోయింది.

దశాబ్దం పట్టిన ఈ కథలో నన్ను కలవరపెట్టేది అవినీతి ఆరోపణల కన్నా, బల్ల చుట్టూ కూర్చున్న మిగతా సభ్యుల సంగతి. ఇంతమంది ఏళ్ల తరబడి సమావేశాలకు వెళ్లారు, భత్యాలు తీసుకున్నారు, మినిట్స్‌ను ఆమోదించారు. భిన్నాభిప్రాయాన్ని రాతపూర్వకంగా నమోదు చేయించుకునే హక్కు సభ్యుడికి ఉంటుంది. దాన్ని వాడటం కూడా విధిలో భాగమే.

కౌన్సిల్ నష్టపరిహారం ఇప్పిస్తుందా?

ఇప్పించదు. హెచ్చరించగలదు, కొంతకాలం లేదా శాశ్వతంగా రిజిస్టరు నుంచి పేరు తీసేయగలదు. డబ్బు కోసం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. వైద్యం కూడా సేవే అని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. రెండు చోట్లా ఒకేసారి ఫిర్యాదు చేయవచ్చు.

ఆసుపత్రి బిల్లు మీద, సౌకర్యాల మీద ఫిర్యాదు?

అది మెడికల్ కౌన్సిల్ పరిధి కాదు. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కు 2002 నాటి రాష్ట్ర చట్టం ఉంది. జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి కార్యాలయానికి వెళ్లాలి.

అర్హత లేకుండా వైద్యం చేసేవారి సంగతి?

రిజిస్టరులో లేనివారి మీద కౌన్సిల్‌కు క్రమశిక్షణాధికారం ఉండదు, పోలీసు కేసే మార్గం. 2019 చట్టం కింద ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందిన సమాచారాన్ని పోలీసులకు చేరవేశారా లేక ఫైలులో పెట్టి మరిచిపోయారా అన్నది మాత్రం పాలకమండలి చూసుకోవాలి.

కౌన్సిల్ నిర్ణయం నచ్చకపోతే అప్పీలు ఎవరు చేయవచ్చు?

2002 నియమావళిలో, నిర్ణయంతో బాధపడిన ఎవరైనా అరవై రోజుల్లో అప్పటి భారత వైద్య మండలికి అప్పీలు చేసుకోవచ్చని ఉంది. 2019 చట్టంలోని 30వ సెక్షన్ మాత్రం వైద్యుడు అప్పీలు చేసుకోవచ్చని చెప్పి రోగిని ప్రస్తావించలేదు. రోగుల హక్కుల కోసం పనిచేసేవారు అప్పటినుంచి దీని మీద పోరాడుతున్నారు. తీర్పులో కారణాలు వివరంగా రాయడం అందుకే మరీ ముఖ్యం. "నిర్లక్ష్యం కనిపించలేదు" అనే ఒక్క వాక్యంతో ఫైలు మూసేస్తే, హైకోర్టుకు వెళ్లాలన్నా కుటుంబం చేతిలో ఏమీ ఉండదు.

పాలకమండలి ఏం చేస్తోందో బయటివారు ఎలా తెలుసుకోవచ్చు?

చట్టంతో ఏర్పడిన కౌన్సిళ్లకు 2005 సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. దరఖాస్తుకు రుసుము పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. "నా కేసు ఏమైంది" అని అడిగితే ఒక్క ఫైలు సంగతే తెలుస్తుంది. గత ఏడాది ఎన్ని సమావేశాలు జరిగాయి, ఎందరు సభ్యులు హాజరయ్యారు, ఎన్ని ఫిర్యాదులు ఆరు నెలలు దాటాయి, ప్రయోజనాల ఘర్షణ కారణంగా సభ్యులు ఎన్నిసార్లు తప్పుకున్నారు అని విడివిడిగా అడగండి. చివరి ప్రశ్నకు "సున్నా" అని జవాబు వస్తే, ఆ సమావేశాల మినిట్స్ నకలు కోసం రెండో దరఖాస్తు పెట్టండి.